అధిక స్థాయి అణు వ్యర్థాలు: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు

అణు విద్యుత్తు గురించి ఎక్కడ మాట్లాడినా చర్చ చివరికి చెత్త దగ్గరే ఆగుతుంది. కాలేజీ పిల్లలైనా, ఉద్యోగ విరమణ చేసిన ఇంజినీర్లైనా అడిగేవి అవే పాతిక ప్రశ్నలు. ఒకే జవాబు పదిసార్లు చెప్పాక, అన్నిటినీ ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. పని జరిగే దశల వారీగా పేర్చాను. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. నాది రసాయన శాస్త్రం కాబట్టి విశ్లేషణ గురించి కాస్త ఎక్కువే రాశాను, భరించాలి.

## మొదట వచ్చే సందేహాలు

ఆసుపత్రి ఎక్స్‌రే గది చెత్త, రియాక్టరు చెత్త అన్నీ ఒకటేనా?

కాదు. ఎక్స్‌రే యంత్రంలో రేడియోధార్మిక పదార్థమే ఉండదు. స్విచ్ కట్టేస్తే కిరణాలూ ఆగిపోతాయి. థైరాయిడ్ చికిత్సకు వాడే అయోడిన్-131 లాంటి వాటితో తడిసిన దూది, సిరంజీలు తక్కువ స్థాయి వ్యర్థాలు. ఆ అయోడిన్ ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది కనుక కొన్ని నెలలు పక్కన పెడితే చాలు. రియాక్టర్లలో వాడిన రెజిన్లు, ఫిల్టర్లు మధ్య స్థాయిలోకి వస్తాయి.

అధిక స్థాయి వ్యర్థం రెండు రూపాల్లో ఉంటుంది. వాడేసిన ఇంధనాన్నే వ్యర్థంగా లెక్కగట్టే ఫిన్లాండ్, స్వీడన్ వంటి దేశాల్లో ఆ ఇంధన కడ్డీలే అధిక స్థాయి వ్యర్థం. ఇంధనాన్ని పునఃశుద్ధి చేసే, అంటే అందులోంచి యురేనియం, ప్లుటోనియం వేరు చేసుకునే భారత్, ఫ్రాన్స్, రష్యాల్లో ఆ ప్రక్రియ తర్వాత మిగిలే ఆమ్ల ద్రవం అధిక స్థాయి వ్యర్థం. అణు పరిశ్రమ చెత్త మొత్తంలో దీని ఘనపరిమాణం మూడు శాతం దాకా ఉంటే, రేడియోధార్మికతలో దాని వాటా 95 శాతం దాకా ఉంటుంది.

“అధిక స్థాయి” అని దేన్ని బట్టి అంటారు? చూస్తే తెలుస్తుందా?

రెండు గుర్తులున్నాయి. మందపాటి కాంక్రీటు గానీ సీసం గానీ అడ్డం లేకుండా దగ్గరికి పోలేనంత వికిరణం ఒకటి. దానంతట అదే వేడెక్కే గుణం రెండోది. ఈ రెండో సంగతి చాలామంది మరచిపోతారు. సినిమాల్లో చూపించే ఆకుపచ్చ వెలుగు దీనికి లేదు. రియాక్టరు నుంచి అప్పుడే తీసి నీటి కొలనులో ఉంచిన ఇంధనం చుట్టూ నీలి కాంతి కనిపించడం మాత్రం నిజమే. గాజుగా మార్చిన వ్యర్థమైతే నల్లగా నిగనిగలాడే రాయిలా ఉంటుంది.

వాడేసిన ఇంధనంలో అసలు ఏముంటుంది?

మన భారజల రియాక్టర్ల ఇంధనం హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతుంది. 220 మెగావాట్ల రియాక్టర్లలో వాడే ఒక్కో కట్ట అర మీటరు పొడవుంటుంది. జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాలు 19 కలిపి కట్టిన మోపు అది. కొత్త కట్టను చేతికి తొడుగు వేసుకుని ఎత్తి పట్టుకోవచ్చు, పనివాళ్లు పట్టుకుంటారు కూడా. రియాక్టరులో మండి బయటకు వచ్చిన తర్వాత అదే కట్ట ఎదుట, అడ్డం ఏమీ లేకుండా, ఎవరూ నిలబడలేరు.

తమాషా ఏమిటంటే, అప్పటికీ అందులో 98 శాతానికి పైగా ఉన్నది యురేనియమే. ప్లుటోనియం అర శాతం కూడా ఉండదు. విచ్ఛిత్తిలో, అంటే యురేనియం పరమాణువులు పగిలినప్పుడు పుట్టిన సీసియం, స్ట్రాన్షియం, రుథీనియం, టెక్నీషియం వంటివన్నీ కలిపినా ఒక శాతం లోపే. తలనొప్పి అంతా ఆ ఒక్క శాతంతోనే.

అర్ధాయువు ఎంత ఎక్కువైతే ప్రమాదం అంత ఎక్కువ, అంతే కదా?

కాదు, అందరూ పొరపడేది ఇక్కడే. కర్పూరం భగ్గున మండి ఆరిపోతుంది. ఊక కుంపటి తెల్లవార్లూ రాజుకుంటూనే ఉంటుంది, కానీ దాని సెగ మెల్లగా తగులుతుంది. యురేనియం-238 సగం కావడానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు పడుతుంది. అంత నిదానం కాబట్టే దాని వికిరణం బలహీనం. సీసియం-137కు 30 ఏళ్లు, స్ట్రాన్షియం-90కి 29 ఏళ్లు చాలు. మొదటి శతాబ్దాల్లో వేడికీ వికిరణానికీ ముఖ్య కారణం ఈ జంటే. 300 ఏళ్లంటే సుమారు పది అర్ధాయువులు, అప్పటికి వీటిలో మిగిలేది వెయ్యో వంతు.

నిజంగా ఇబ్బంది పెట్టేవి ఈ రెంటికీ నడుమ ఉన్నవి. అమెరీషియం-241కి 432 ఏళ్లు, ప్లుటోనియం-239కి 24,100 ఏళ్లు, టెక్నీషియం-99కి సుమారు 2 లక్షల 10 వేల ఏళ్లు. భూమి లోతుల్లో పాతిపెట్టాలన్న ఆలోచన వచ్చింది వీటి కోసమే.

## రియాక్టరు నుంచి బయటకు వచ్చాక

రియాక్టరు ఆపేశాక కూడా ఇంధనం ఎందుకు వేడెక్కుతుంది?

విచ్ఛిత్తి ఆగినా, అప్పటికే పుట్టిన ముక్కలు క్షయమవుతూనే ఉంటాయి. ఆపిన మరుక్షణం కూడా పూర్తి సామర్థ్యంలో ఆరేడు శాతం వేడి వస్తూ ఉంటుంది. ఒక రోజు గడిచేసరికి అర శాతానికి దిగుతుంది. ఆ కాస్త వేడిని తీసేసే ఏర్పాటు దెబ్బతినబట్టే 2011లో ఫుకుషిమాలో రియాక్టర్ల గర్భాలు కరిగాయి. అందుకే వాడేసిన ఇంధనాన్ని ముందు కొన్నేళ్లు లోతైన నీటి కొలనులో ఉంచుతారు. నీరు చల్లబరుస్తుంది, కిరణాలకు అడ్డుగోడ కూడా అవుతుంది. గట్టు మీద నిలబడి కిందికి చూడవచ్చు, పైన కొన్ని మీటర్ల నీరుంటే చాలు.

పునఃశుద్ధితో వ్యర్థం తగ్గుతుందా, పెరుగుతుందా?

రెండూ జరుగుతాయి, ఎటు నిలబడి చూస్తున్నారన్న దాన్ని బట్టి. ఇంధన కడ్డీలను ముక్కలుగా కోసి వేడి నత్రికామ్లంలో కరిగిస్తారు. ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ కలిపిన నూనె వంటి ద్రావణి యురేనియాన్నీ ప్లుటోనియాన్నీ తనలోకి లాక్కుంటుంది. ఆమ్లంలో మిగిలిపోయిన విచ్ఛిత్తి ఉత్పన్నాలు, అమెరీషియం, నెప్ట్యూనియం వగైరాలే అధిక స్థాయి ద్రవ వ్యర్థం. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో మన దేశం చేస్తున్న పని ఇదే.

పాతిపెట్టవలసిన అధిక స్థాయి సరుకు దీనితో తగ్గుతుంది. మరోపక్క తక్కువ, మధ్య స్థాయి చెత్త కొత్తగా పుడుతుంది. వేరు చేసిన ప్లుటోనియానికి గట్టి కాపలా కూడా కావాలి. 1977లో అమెరికా వాణిజ్య పునఃశుద్ధిని పక్కన పెట్టింది ఈ చివరి కారణంతోనే. ముందుముందు ఫాస్ట్ రియాక్టర్లలో ప్లుటోనియం కావాలనుకునే మన దేశం లెక్క వేరు. “వ్యర్థం సమస్య పునఃశుద్ధితో తీరిపోతుంది” అని ఎవరైనా అంటే మాత్రం నమ్మవద్దు. తగ్గుతుంది గానీ తీరదు.

ఆ ద్రవాన్ని ట్యాంకుల్లో ఉంచితే కారిపోదా?

ట్యాంకు దేనితో చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. మన దగ్గర ఆమ్ల రూపంలోనే స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకుల్లో, భూమి లోపల కాంక్రీటు గదుల్లో ఉంచుతారు. లోపల చల్లటి నీటి గొట్టాలు తిరుగుతుంటాయి. వికిరణం నీటిని విడగొట్టి హైడ్రోజన్ పుట్టిస్తుంది కాబట్టి అది పోగవకుండా గాలి ఆడిస్తూ ఉంటారు.

అమెరికాలోని హాన్‌ఫోర్డ్ అణ్వాయుధ కేంద్రం కథ దీనికి పూర్తిగా తిరగేసినది. యుద్ధ కాలపు హడావుడిలో, 1940లలో, చౌకగా దొరికే కార్బన్ స్టీలుతో ట్యాంకులు కట్టారు. ఆమ్లం ఆ ఇనుమును తినేస్తుందని క్షారం పోసి విరిచారు. దాంతో సగం సరుకు బురదలా అడుగున పేరుకుపోయింది, ఉప్పు గడ్డకట్టింది. ఇప్పుడక్కడ 177 ట్యాంకుల్లో 20 కోట్ల లీటర్లకు పైగా వ్యర్థం ఉంది. మూడో వంతు ట్యాంకులు కారాయని అనుమానం. అందులో తక్కువ రేడియోధార్మికత ఉన్న భాగాన్ని గాజుగా మార్చడం 2025లో గానీ మొదలు కాలేదు.

ట్యాంకు పేలిపోయిన సందర్భం ఏదైనా ఉందా?

ఉంది. 1957 సెప్టెంబరు 29న అప్పటి సోవియట్ యూనియన్‌లో, ఉరాల్ ప్రాంతపు మయాక్ కేంద్రంలో ఒక ట్యాంకు చల్లబరిచే ఏర్పాటు చెడిపోయింది. సకాలంలో పట్టించుకోలేదు. లోపలి నీరంతా ఆవిరై, అడుగున నైట్రేటు, ఎసిటేటు లవణాలు ఎండి, వేడెక్కి పేలాయి. టన్నుల బరువున్న కాంక్రీటు మూత ఎగిరిపడింది. సుమారు 2 కోట్ల క్యూరీల రేడియోధార్మికత బయటపడింది. అందులో ఎక్కువ భాగం అక్కడే పడినా, మిగిలినది గాలివాటున వందల కిలోమీటర్లు పరచుకుంది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. ప్రభుత్వం బహిరంగంగా ఒప్పుకున్నది 1989లో. అది అణు విస్ఫోటం కాదు. వేడి తీసేయకపోవడం వల్ల జరిగిన మామూలు రసాయన పేలుడు.

## లోపల ఏముందో తేల్చడం

విశ్లేషణకు అంత పట్టుబట్టడం ఎందుకు? ఎలాగూ పాతిపెట్టేదే కదా?

2014 ఫిబ్రవరి 14న జరిగిన ఒక సంఘటన చెబితే చాలు. అమెరికాలోని న్యూ మెక్సికోలో భూమికి 650 మీటర్ల లోతున, ఉప్పు పొరల్లో రక్షణ రంగపు ప్లుటోనియం వ్యర్థాలను దాచే గని ఉంది. అక్కడికి చేరినవి అధిక స్థాయివి కావు, పనిముట్లు, బురద, లవణాల డ్రమ్ములు. లాస్ అలమోస్ అణ్వాయుధ ప్రయోగశాల నుంచి వచ్చిన ఒక డ్రమ్ములో నైట్రేటు లవణాల తేమ పీల్చడానికి పిల్లుల మలమూత్రాల కింద పరిచే పొడిని కలిపారు. మామూలుగా వాడేది మట్టి జాతి పొడి. ఈసారి పడింది గోధుమలతో చేసిన రకం. నైట్రేటుకు గోధుమ పిండి తోడైతే అది ఇంధనమే. డ్రమ్ము లోలోపల వేడెక్కి మూత తెరుచుకుంది. అమెరీషియం, ప్లుటోనియం గాలిలో కలిశాయి. గని మూడేళ్లకు దగ్గరగా మూతపడింది.

డ్రమ్ము మీద చీటీ ఉంది, కాగితాలూ సక్రమంగానే ఉన్నాయి. లోపలున్న పదార్థం మాత్రం ఆ కాగితాలు చెప్పినది కాదు.

అంత ప్రమాదకరమైన ద్రవం నుంచి నమూనా ఎలా తీస్తారు?

మనిషి చెయ్యి పడదు. గాలి ఒత్తిడితో గానీ వాక్యూమ్‌తో గానీ కొన్ని మిల్లీలీటర్లు చిన్న సీసాలోకి లాగుతారు. ఆ సీసా సీసపు కవచంలో హాట్ సెల్‌కు చేరుతుంది. హాట్ సెల్ అంటే మీటరు మందం దాకా ఉండే కాంక్రీటు గోడల గది. సీసం కలిపిన గాజు పలకలు వరుసగా బిగించిన కిటికీ ఒకటి ఉంటుంది, అందులోంచి చూస్తే లోకమంతా లేత పసుపుగా కనిపిస్తుంది. బయట నిలబడ్డవాళ్లు రెండు పిడులు పట్టుకుని కదిపితే, లోపలి ఇనుప వేళ్లు అచ్చంగా అలాగే కదులుతాయి. చూడటానికి తేలిక. ఆ వేళ్లతో ఒక సీసా మూత మరలు తప్పకుండా తిప్పి తీయడం, ఒలకకుండా పిపెట్‌తో కొలవడం నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. స్పర్శ తెలియదు, లోతు సరిగా అందదు. మొదట్లో అందరూ సీసాలు పగలగొట్టేవాళ్లే.

అక్కడ నమూనాను వేల రెట్లు పలచన చేస్తారు. ఆ తర్వాతే అది మామూలు ప్రయోగశాలలోని గ్లోవ్ బాక్స్‌లోకి, అంటే చేతి తొడుగులు బిగించిన మూసిన పెట్టెలోకి వస్తుంది.

ఒక్క నమూనా చాలదా? అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు కదా?

ట్యాంకు అన్నపు గిన్నె అయితే సరిపోయేది. చాలాసార్లు అది కలపకుండా వదిలేసిన పప్పుచారు. పైన తేట, అడుగున ముద్ద. తేటలో సీసియం కరిగి ఉంటే, స్ట్రాన్షియం, ప్లుటోనియం వంటివి క్షార ట్యాంకుల్లో అడుగు బురదను పట్టుకుని ఉంటాయి. పై నుంచి గరిటెడు తీసి కొలిచి “ప్లుటోనియం పెద్దగా లేదు” అని రాస్తే అది అబద్ధమే. అందుకే బాగా కలియబెట్టి, వేర్వేరు లోతుల్లో, ఒకటికి రెండుసార్లు తీస్తారు. పరికరం ఎంత ఖరీదైనదైనా నమూనా తప్పితే ఫలితం తప్పే.

ఏ ఐసోటోపు ఎంత ఉందో ఎలా కొలుస్తారు?

ఐసోటోపులంటే ఒకే మూలకంలో వేర్వేరు బరువులున్న పరమాణు రకాలు. వాటిలో గామా కిరణాలు విడుదల చేసేవి సులువు. ద్రవ నత్రజనితో చల్లబరిచిన జెర్మేనియం డిటెక్టరు ముందు పెడితే ఒక్కో ఐసోటోపు తన శక్తి దగ్గర ఒక్కో శిఖరం చూపిస్తుంది. సీసియం-137 శిఖరం 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది. నిజానికి ఆ గామా కిరణం సీసియం నుంచి పుట్టిన బేరియానిది, కానీ అందరూ సీసియం శిఖరమనే అంటారు.

స్ట్రాన్షియం-90 గామా ఇవ్వదు, బీటా మాత్రమే. బీటా కణాల శక్తి ఒకచోట నిలవక చెల్లాచెదురుగా ఉంటుంది, ఎవరిది ఏదో చెప్పలేం. కాబట్టి రసాయనికంగా స్ట్రాన్షియాన్ని విడదీసి, దాని నుంచి యిట్రియం-90 మళ్లీ పుట్టేదాకా ఆగి, దాన్ని కొలుస్తారు. యిట్రియం అర్ధాయువు 64 గంటలు, పూర్తిగా తేలాలంటే రెండు వారాలు కావాలి. “రిపోర్టు రేపు ఇస్తారా” అని అడిగే అధికారులకు ఈ సంగతి చెప్పినా ఎక్కదు.

ఆల్ఫా కణాలది ఇంకో తగువు. ప్లుటోనియం-238, అమెరీషియం-241 రెండిటి ఆల్ఫా శక్తీ దాదాపు 5.5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులే. ముందు ఆ రెంటినీ విడగొట్టకపోతే ఒకే శిఖరంగా కలిసిపోతాయి. ప్లుటోనియం-239, 240ల శిఖరాలైతే మామూలు ఆల్ఫా కొలతలో విడిపోవు. వాటిని తూకంతో, అంటే మాస్ స్పెక్ట్రోమీటరుతో వేరు చేయవలసిందే.

రేడియోధార్మికత లేని సోడియం, ఇనుము, సల్ఫేటు కూడా ఎందుకు కొలుస్తారు?

గాజును చెడగొట్టేవి తరచుగా ఇవే. సల్ఫేటు గాజులో ఒక శాతం దాకా కూడా కరగడం కష్టం. ఎక్కువైతే కరిగిన గాజు మీద పసుపు రంగు తెట్టులా తేలుతుంది. ఆ తెట్టు నీటిలో కరుగుతుంది, పైగా సీసియాన్ని వెంట తీసుకుపోతుంది. ట్రాంబే వ్యర్థంలో ఈ బెడద ఉండేది. పునఃశుద్ధిలో వాడిన ఫెర్రస్ సల్ఫమేట్ నుంచి వచ్చిన సల్ఫేటు అది. భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు అందుకోసం బేరియం కలిపిన బోరోసిలికేట్ గాజును తయారు చేశారు. ఆ కూర్పు పుట్టింది ఒక విశ్లేషణ పట్టికలోని సల్ఫేటు వరుస నుంచి.

రుథీనియం, రోడియం, పల్లాడియం గాజులో కరగవు. కరిగించే కొలిమి అడుగున పేరుకుని, విద్యుత్తుతో నడిచే కొలిమిలో కరెంటును పక్కదారి పట్టిస్తాయి.

రిపోర్టుల్లో బెకరెల్, క్యూరీ, సీవర్ట్ అని ఉంటాయి. తేడా ఏమిటి?

వానలో ఎన్ని చినుకులు పడ్డాయన్నది ఒక లెక్క, మీరు ఎంత తడిశారన్నది మరో లెక్క. సెకనుకు ఒక పరమాణువు క్షయమైతే ఒక బెకరెల్. ఒక క్యూరీ అంటే 3,700 కోట్ల బెకరెళ్లు. ఇవి చినుకుల లెక్క. సీవర్ట్ తడిసిన లెక్క, శరీరం మీద పడే ప్రభావాన్ని చెబుతుంది. ప్రకృతి నుంచే ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు అందుతుంది. అణు కేంద్రాల వల్ల ప్రజలకు అదనంగా 1 మిల్లీసీవర్టు దాటకూడదని మన అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన. సిబ్బందికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటరాదు.

## గాజుగా మార్చడం

గాజే ఎందుకు? సిమెంటులో కలిపి పోస్తే పోదా?

తక్కువ, మధ్య స్థాయి వ్యర్థాలను సిమెంటులోనే కలుపుతారు. అధిక స్థాయికి అది పనికిరాదు. లోపలి వేడి, వికిరణం కలిసి సిమెంటులోని నీటిని విడగొడతాయి. గాజుకు ఒక సుగుణం ఉంది. దాని పరమాణువుల అల్లిక స్ఫటికంలా ఒక పద్ధతిలో ఉండదు. అందుకే ఎన్నో రకాల మూలకాలు ఆ అల్లికలో ఇమిడిపోతాయి. మట్టిగాజుల్లో రంగు చూడండి, లోపల పోసి మూత పెట్టింది కాదు, గాజులోనే కలిసిపోయింది. గీకితే రాదు, కడిగితే పోదు. వ్యర్థమూ అంతే, గాజు డబ్బాలో పెట్టరు, గాజులో భాగం చేస్తారు. ప్రయోగశాల బీకర్లది కూడా ఈ బోరోసిలికేట్ కుటుంబమే.

ఆ పని ఎలా జరుగుతుంది?

ద్రవాన్ని చిక్కబరిచి, ఆరబెట్టి, గాజు పొడితో కలిపి వెయ్యి డిగ్రీల దగ్గర కరిగిస్తారు. తేనెలా జారే ఆ ద్రవాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బాలో పోసి, చల్లార్చి, మూతను దూరం నుంచే వెల్డింగ్ చేసి, పైన కడిగి పరీక్షిస్తారు. పరిశ్రమ స్థాయిలో ఇది మొదట 1978లో ఫ్రాన్స్‌లోని మార్కూల్‌లో జరిగింది. మన దగ్గర 1980లలో తారాపూర్‌లో మొదలై తర్వాత ట్రాంబే, కల్పాక్కంలకు వచ్చింది. ఫ్రాన్స్‌లోని లా హేగ్ డబ్బా సుమారు 1.3 మీటర్ల ఎత్తుంటుంది, 400 కిలోల గాజు పడుతుంది. కొత్త డబ్బా పక్కన కవచం లేకుండా కొద్ది నిమిషాలు నిలబడినా ప్రాణం దక్కదు.

ఆ గాజు వేల ఏళ్లు నీటిలో కరగకుండా ఉంటుందని ఎవరు చూశారు?

ఎవరూ చూడలేదు, చూడలేరు కూడా. కాబట్టి రెండు దారుల్లో వెళతారు. ఒకటి, గాజును పొడిచేసి 90 డిగ్రీల నీటిలో ఏడు రోజులు ఉంచి, నీటిలోకి ఎంత బోరాన్ దిగిందో కొలవడం. మిగతావి గాజు మీది పొరలో చిక్కుకుంటాయి గానీ బోరాన్ నేరుగా నీటిలోకి పోతుంది, అందుకే అది సాక్షి. మొదట వేగంగా కరిగినా, పైన జిగురు లాంటి పొర ఏర్పడ్డాక వేగం బాగా పడిపోతుంది. రెండోది, పాత గాజును చదవడం. మధ్యధరా సముద్రంలో మునిగిన రోమన్ ఓడలో 1,800 ఏళ్లు ఉప్పునీటిలో నానిన గాజు దిమ్మలను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కోసి చూశారు, ప్రయోగశాల లెక్కలతో పోల్చారు. అగ్నిపర్వతపు గాజుదీ అదే ఉపయోగం.

ఈ వ్యర్థంలో పనికొచ్చేది ఏమీ లేదా?

ఉంది. ట్రాంబేలో ద్రవ వ్యర్థం నుంచి సీసియం-137ను వేరు చేసి గాజు పెన్సిళ్లుగా పోస్తున్నారు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఎక్కించే రక్తంలో, దాత తెల్లకణాలు రోగి శరీరం మీద దాడి చేయకుండా ఆ రక్తానికి ముందుగా గామా కిరణాలు తగలనిస్తారు. ఆ యంత్రాల్లో ఈ పెన్సిళ్లు వాడతారు. పొడి రూపంలో ఉండే సీసియం క్లోరైడ్ నీటిలో ఇట్టే కరుగుతుంది. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో పాడుపడిన ఆసుపత్రి నుంచి ఎత్తుకొచ్చిన యంత్రంలోని ఆ పొడి ఇళ్లలోకి పాకి నలుగురు చనిపోయారు. గాజులో ఉంటే అలా పాకదు. రుథీనియం-106 కంటి క్యాన్సర్ చికిత్సకు, యిట్రియం-90 కాలేయ చికిత్సకు పనికొస్తాయి.

## నిల్వ, పాతిపెట్టడం

ఇప్పుడు ఆ డబ్బాలు ఎక్కడున్నాయి?

మన దేశంలో గాజుగా మార్చే కేంద్రాల దగ్గరే, కాంక్రీటు నేలమాళిగల్లో ఉన్నాయి. తారాపూర్ నిల్వ కేంద్రంలో చల్లబరచడానికి ఫ్యాన్లు అక్కర్లేదు. డబ్బాల వేడికి గాలి తేలికై పొడవాటి చిమ్నీ గుండా పైకి పోతుంది, కింద నుంచి చల్లగాలి వస్తుంది. కరెంటు పోయినా ఆగదు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది.

భూమిలో శాశ్వతంగా పాతిపెట్టే చోటు ప్రపంచంలో ఎక్కడైనా ఉందా?

అందరికన్నా ముందున్నది ఫిన్లాండ్. ఓల్కిలుటో దీవిలో ఓంకలో అనే సొరంగాలను 400 మీటర్లకు మించిన లోతున, 190 కోట్ల ఏళ్ల నాటి శిలలో తవ్వారు. వాడేసిన ఇంధనాన్ని ఇనుప గుండె ఉన్న రాగి పెట్టెల్లో పెట్టి, చుట్టూ బెంటొనైట్ బంకమట్టి కూరుతారు. తడి తగిలితే ఆ మట్టి ఉబ్బి సందులు మూసేస్తుంది. 2024లో పెట్టెలతో ప్రయోగాత్మక పని మొదలైంది. స్వీడన్ 2022లో ఫోర్స్‌మార్క్ అనే చోట ఇలాంటి కట్టడానికే అనుమతి ఇచ్చింది. అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని యక్కా పర్వతాన్ని 1987లోనే ఎంచుకున్నా, రాజకీయాల్లో చిక్కుకుని ఆగిపోయింది. ఫిన్లాండ్‌లో ఎంపికయ్యే ఊరికి కాదనే హక్కు ఇచ్చారు, యక్కా విషయంలో నెవాడా వద్దన్నా పైనుంచి రుద్దారు. రాయి కన్నా ఇది ముఖ్యమని నా అభిప్రాయం.

కోలారు బంగారు గనుల్లో అణు వ్యర్థాలు పాతిపెట్టారట, నిజమేనా?

కాదు. 1980లలో అక్కడ వాడకంలో లేని ఒక భాగంలో, దాదాపు కిలోమీటరు లోతున, శిల వేడికి ఎలా స్పందిస్తుందో చూడటానికి ప్రయోగం జరిగింది. విద్యుత్ హీటర్లు పెట్టి కొన్నేళ్లు వేడిచేసి కొలిచారు. వ్యర్థం తేలేదు. 2012లో మాత్రం కోలారులో పాతిపెడతారన్న వార్త పాకి జనం వీధుల్లోకి వచ్చారు, అలాంటి ఆలోచన లేదని అధికారులు ప్రకటించారు. ఆ ఊరి వాడల్లో తెలుగు కుటుంబాలు తక్కువేమీ లేవు, మన వాట్సాప్ బృందాల్లో ఆ వార్త ఇప్పటికీ తిరగడానికి అదొక కారణం కావచ్చు. పరిమాణం తక్కువ కాబట్టి లోతైన గని అవసరం ఇప్పట్లో లేదన్నది మన అణుశక్తి విభాగం చెప్పే మాట.

సముద్రంలో పడేస్తే? రాకెట్లో పంపేస్తే?

సముద్రంలో అధిక స్థాయి వ్యర్థం వేయడాన్ని 1972 లండన్ ఒప్పందమే నిషేధించింది. రాకెట్ల సంగతి, నూటికి ఒకటి పేలినా అది ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించండి.

ప్రకృతిలో ఇలాంటి వ్యర్థం ఎక్కడైనా ఉందా?

గాబన్ దేశంలోని ఓక్లోలో ఉంది. సుమారు 200 కోట్ల ఏళ్ల కింద అక్కడి యురేనియం ఖనిజం, నీరు కలిసి రియాక్టరులా తనంతట తానే నడిచాయి. 1972లో ఫ్రెంచి విశ్లేషకులు యురేనియం-235 ఉండవలసిన దానికన్నా కాస్త తక్కువగా ఉండటం చూసి పట్టుకున్నారు. 0.720కి బదులు 0.717 శాతం. మూడో దశాంశ స్థానం దాకా ఎందుకులే అని వదిలేసి ఉంటే ఆ సంగతి తెలిసేదే కాదు. అక్కడ పుట్టిన ప్లుటోనియం దాదాపు పుట్టినచోటే క్షయమైంది. సీసియం వంటివి మాత్రం కదిలిపోయాయి.

పది వేల ఏళ్ల తర్వాతి మనుషులకు “ఇక్కడ తవ్వకండి” అని ఏ భాషలో చెబుతారు?

కడప జిల్లా కలమళ్లలోని రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది, తెలుగులో మనకు దొరికిన అతి పాత శాసనాల్లో ఒకటి. పద్నాలుగున్నర శతాబ్దాలకే దాన్ని చదవడానికి పండితులు కావలసి వచ్చింది. పది వేల ఏళ్లంటే ఇక చెప్పేదేముంది? 2007లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కొత్త గుర్తు తెచ్చింది. ఎర్ర త్రికోణంలో కిరణాలు, పుర్రె, పారిపోతున్న మనిషి బొమ్మ. అసలు గుర్తే పెట్టకుండా మూసేసి మరచిపోవడం మేలన్న వాదనా ఉంది. గుర్తు చూస్తే తవ్వాలనిపించే మనుషులు ఎప్పుడూ ఉంటారు కదా.

## మన ఊళ్ల గురించి

తుమ్మలపల్లె టైలింగ్ పాండ్ అధిక స్థాయి వ్యర్థమేనా?

కాదు. అది ఖనిజం నుంచి యురేనియం తీశాక మిగిలిన బురద. అందులో రేడియం-226 వంటి సహజ మూలకాలు, రసాయనాలు ఉంటాయి. రేడియోధార్మికత తక్కువ, పరిమాణం చాలా ఎక్కువ. అక్కడ చూడవలసింది ఊట, భూగర్భ జలం. రైతుల ఫిర్యాదులకు జవాబు బావుల నీటి పరీక్షలే చెప్పాలి. వర్గం వేరన్న మాట దానికి సమాధానం కాదు.

కొవ్వాడలో రియాక్టర్లు వస్తే వ్యర్థం అక్కడే ఉంటుందా?

వాడేసిన ఇంధనం మొదటి కొన్నేళ్లు ప్లాంటులోని కొలనులో తప్పకుండా ఉంటుంది. ప్రపంచంలో ఏ రియాక్టరుకైనా ఇంతే. ఆ తర్వాత ఎక్కడికి, ఎన్నేళ్లకు, ఏ దారిన అన్నది ప్రజాభిప్రాయ సేకరణలో గ్రామస్థులు కాగితం మీద రాబట్టవలసిన ప్రశ్న. 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు ప్రతిపాదించారు, ఇది చిన్న సంగతి కాదు.

పాత ఇనుప సామాను కొట్టులో మూడు రెక్కల గుర్తున్న బరువైన పెట్టె కనిపిస్తే ఏం చేయాలి?

ముట్టవద్దు, తెరవవద్దు, కోయవద్దు. 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో వేలంలో కొన్న పాత యంత్రాన్ని విడగొట్టారు. అందులోని కోబాల్ట్-60 కడ్డీలు చేతులు మారి పలువురు జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. చిన్నదైనా మోయలేనంత బరువుంటే లోపల సీసం ఉందని అనుమానించాలి. అందరినీ దూరంగా పంపి, 112కు ఫోను చేసి, “రేడియోధార్మిక గుర్తు ఉంది” అని ఆ మాటతోనే చెప్పండి. ఎవరైనా ఇప్పటికే ముట్టుకుని ఉంటే చేతులు సబ్బుతో కడిగించి, ఆ బట్టలు విప్పించి, ఒక సంచిలో మూతి కట్టి వేరుగా ఉంచండి. వచ్చినవాళ్లు వాటిని కూడా కొలవాలి.